మూడో వంతు పలక

పద్నాలుగో రోజు
పాఠం: తెలుగు. హాజరు: రెండు.

ఈ పుస్తకం విద్యాకేంద్రం వాళ్లు ఇచ్చారు. పిల్లను ఇంట్లో చదివించే తల్లి, రోజూ ఏం చెప్పిందో తన చేతిరాతతోనే రాయాలట. పైన మూడు చిన్న గడులు, కింద విశేషాలు అని ఒక పెద్ద గడి. మొదటి గడిలో తేదీ వేయమన్నారు. తేదీ నాకు తెలియదు. మా ఊళ్లో గడియారాలు పోయి చాలా ఏళ్లయింది. టైమూ వారమూ పిల్లల చెవిలో ఉండే గింజంత యంత్రం, మేం పంతులు అంటాం, వాడే చెబుతాడు. అందుకని నా కొడుకు కాశిం చనిపోయిన రోజు నుంచి లెక్కపెట్టి వేస్తున్నాను.

నా పేరు నాసరమ్మ. నాలుగో తరగతి దాకా చదివాను. పలకల షెడ్డులో రాయి రుద్దుతాను. ఇప్పుడు పలక మీద రాసేవాళ్లు ఎవరూ లేరు, ఎక్కడో గొప్పోళ్లు గోడలకు అంటించుకుంటారట. ఎండ ఎక్కింది మొదలు పొద్దు వాలే దాకా రుద్దితే ఎనభై అవుతాయి. మా ఆయన కూడా అదే పని చేసి దుమ్ము దగ్గుతో పోయాడు.

నా కూతురు మాబున్నికి పద్నాలుగేళ్లు. మూడో ఏట దాని చెవిలో పంతుల్ని పెట్టారు, ఊళ్లో అందరు పిల్లలకూ పెట్టినట్టే. కాశిం పోయిన రోజే పట్టుకారుతో దాన్ని నా చేత్తో పీకేశాను. నూరు రోజుల్లో ఆరు సబ్జెక్టులూ చెవి ఖాళీగా ఉంచుకుని రాసి పాసైతే పిల్లను నాకు వదిలేస్తారు. తప్పితే మళ్లీ పెడతారు. ఈసారి చెవిలో కాదు, చెవి వెనక ఎముకలో. అది పట్టుకారుకు రాదు.

ఇంత చదువు చదివిన పిల్లకు అ రాదు. అన్నీ విన్నది, ఏదీ తనంతట చదవలేదు. ఆకలేస్తోందా అని అడిగినా తల పక్కకు వంచి ఆగుతుంది, ఎవరైనా చెబుతారేమోనని.

"నీకే రాదు, నాకేం చెప్తావు?" అంది ఇవాళ.

"నాలుగో తరగతి దాకా నేను ముందు నడుస్తా. ఆడ్నించి నువ్వు నడువు, నేను ఎనకమాల వస్తా" అన్నాను.

చెయ్యి పట్టుకుని దిద్దబెట్టాను. మా అమ్మ నాకు అలాగే పెట్టింది. వెనక కూర్చుని, దాని చేతి మీద నా చెయ్యి వేసి, అ మీద అ. నలభై సార్లు దిద్దాక చెయ్యి తనే తిరిగింది. పక్కన కాశిం పేరున ఇంకో పలక కూడా పెట్టాను. హాజరు అందుకే రెండు.

పదిహేడో రోజు
పాఠం: ఇంగ్లీషు. హాజరు: రెండు.

నాకు వచ్చిన ఇంగ్లీషు లారీల వెనక చదివిందే. స్టాప్, హారన్, గుడ్‌బై. ఆ మూడూ చెప్పేసరికి ఇవాళ్టికి అయిపోయింది. "పరీచ్చలో లారీ గురించి అడిగితే పాసైపోతాను" అంది మాబున్ని. పంతుల్ని తీశాక దాని నోట వచ్చిన మొదటి ఎగతాళి. నవ్వాలని ఉంది, నవ్వు రాలేదు.

ఇరవయ్యో రోజు
పాఠం: లెక్కలు. హాజరు: రెండు.

రాళ్లగుట్ట మీదికి సూర్యుడు వచ్చే వేళ షెడ్డులో ఉన్నాను. ఎదురుగా కుళాయి దగ్గర పక్కింటి తిరపతమ్మ కవల ఆడపిల్లలు, రాజీ, రోజా, బిందెలు పట్టుకుంటున్నారు. ఉన్నట్టుండి ఇద్దరూ ఆగిపోయారు. బిందె నిండి పొర్లుతోంది. చేతులు కదలవు, రెప్పలు కదలవు. నేను అప్పుడే చేతిలోకి తీసుకున్న పలక రెండు వైపులా రుద్దడం అయ్యేసరికి ఏమీ జరగనట్టు బిందె ఎత్తుకుని వెళ్లిపోయారు. ఏమైందే అని అడిగితే ఏం కాలేదు పెద్దమ్మా అన్నారు. నిజంగానే వాళ్లకు తెలియదు.

ఆ చూపు నాకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు పలకలు కడగడానికి పాత గని గుంట దగ్గరికి పోయాం. కాశిం ఈదుతున్నాడు. బాగా ఈదేవాడు, పదహారేళ్ల వాడు. ఈత కూడా చెవిలోనే నేర్చుకున్నాడు: చెయ్యి ఇలా వెయ్యి, ఊపిరి ఇప్పుడు పీల్చు అని పంతులు చెబుతూ ఉంటాడు. గుంట నడిమధ్యలో చేతులు ఆగిపోయాయి. నా వైపే చూస్తున్నాడు. అమ్మా అనలేదు. ఒడ్డున మాబున్ని అదే చూపుతో రాయిలా నిలబడింది. నాకు ఈత రాదు. కేకలేస్తూ షెడ్డు వైపు పరిగెత్తాను. మనుషుల్ని తీసుకుని వచ్చేసరికి నీళ్లు నిమ్మళంగా ఉన్నాయి. మాబున్ని మామూలుగా కూర్చుని పలక తుడుస్తోంది. అన్న ఏడే అని నన్నే అడిగింది.

కేంద్రం వాళ్లు కాగితంలో ఈత రాక చనిపోయాడని రాశారు.

ముప్పయ్యో రోజు
పాఠం: సాంఘిక శాస్త్రం. హాజరు: రెండు, కొట్టేసి ఒకటి.

కేంద్రం నుంచి తనిఖీకి దైవసహాయం సారు వచ్చాడు. పాతికేళ్లుంటాయి, నెమ్మదైన మనిషి. ఆయన చెవిలోనూ పంతులున్నాడు. పుస్తకం కళ్ల ముందు పట్టుకుంటే లోపలివాడు చదివి వినిపిస్తాడు, ఆ వినేదానికి సారు పెదవులు కదులుతాయి.

"అమ్మా, హాజరు గడిలో రెండు అని ఉంది. విద్యార్థిని ఒక్కరే" అన్నాడు.

కొట్టేసి ఒకటి వేశాను. ఇరవయ్యో రోజు విశేషాల దగ్గరికి వచ్చేసరికి ఆయన పెదవులు ఆగిపోయాయి. వేలు ఆ వరసల మీదుగా జారి కింద సంతకం చేసే చోటికి పోయింది. సారూ, అది చదవలేదు అన్నాను. ఏది అన్నాడు. వేలు పెట్టి చూపించాను. అక్కడ ఏమీ లేదు కదమ్మా అన్నాడు. అబద్ధం ఆడుతున్నట్టు లేదు. ఆయన చెవిలోని పంతులే ఆ వరసలు వినిపించకుండా దాటేశాడు.

ఇవాళ్టి పేజీ కింద సంతకం చేసి ఆయన పోయాక మాబున్ని ఆ పేజీ తనంతట తను కూడబలుక్కుని చదివింది. అన్న ఎలా పోయాడో దానికి అప్పుడే తెలిసింది. వాడి పలక తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

నలభయ్యో రోజు
పాఠం: లేదు. హాజరు: రెండు.

కాశిం పేరు మీద నలభయ్యో రోజు ఫాతెహా చదివించి అన్నాలు పెట్టాం. చుట్టుపక్కల వాళ్లు వచ్చారు. సూర్యుడు గుట్ట మీదికి రాగానే పిల్లలందరూ ఆగిపోయారు, ముద్ద చేతిలో ఉన్నవాళ్లు ముద్దతోనే. మాబున్ని ఒక్కతే వడ్డిస్తూ తిరుగుతోంది. ఎంతసేపు ఆగుతారో కొలవాలని నేను లేచి షెడ్డులోకి పోయి రుద్దడం మొదలుపెట్టాను. ఆ పూట పనేంటే అని జనం ముక్కు మీద వేలేసుకున్నారు. మూడు పలకలు అయ్యాక పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

పెద్దవాళ్లు భయపడతారనుకున్నాను. తిరపతమ్మ మెరిసే కళ్లతో చెప్పింది, అది లోతు పాఠమట. చదువు లోపలికి ఇంకేటప్పుడు పిల్లలు అలా ఉంటారని కేంద్రం వాళ్లు పిల్లల నోటనే చెప్పించారు. ఎంత ఎక్కువసేపు ఆగితే అంత ఎక్కువ చదువు వచ్చినట్టు.

"మీ మాబున్నికి ఆ రాత లేకుండా చేశావు గదక్కా" అంది.

నలభై నాలుగో రోజు
పాఠం: సామాన్య శాస్త్రం. హాజరు: రెండు.

పలకరాయి పొరలుపొరలుగా ఎందుకుంటుందో నాకు తెలిసినంత చెప్పాను. ఉలి ఎక్కడ పెడితే పొర లేస్తుందో చూపించాను. మిగతాది కేంద్రం ఇచ్చిన అచ్చు పుస్తకంలో ఉంది, మాబున్ని చదివి నాకు చెప్పింది. ఒకప్పుడు ఇదంతా నీళ్ల అడుగున బురదట. ఆ మాట వినగానే లేచి బయటికి పోయాను. అది వెనకనే వచ్చి నా కొంగు పట్టుకుని నిలబడింది. తల పక్కకు వంచలేదు. ఏం చేయాలో దానికి ఎవరూ చెప్పలేదు.

అరవయ్యో రోజు
పాఠం: లెక్కలు. హాజరు: రెండు.

ఈసారి తొమ్మిది పలకలు. ముందే తెలిసినట్టు పొద్దున్నే పనిలో కూర్చున్నాను. కవలల్లో రోజా పొయ్యి దగ్గర సంగటి కలుపుతోంది. గరిటె పట్టిన చెయ్యి ఆవిరి మీద అలాగే ఉండిపోయింది. మాబున్ని గోడ దూకి పోయి లాగింది. అప్పటికే చర్మం ఊడి వచ్చింది. ఆ పిల్ల ఏడవలేదు. తొమ్మిదో పలక అయ్యాక ఏడ్చింది, ఆ ఏడుపు నాలుగు వీధులకు వినపడింది.

తిరపతమ్మ ఇప్పుడు లోతు పాఠం అనడం లేదు. ఊళ్లో మిగతావాళ్లు అంటూనే ఉన్నారు.

ఎనభయ్యో రోజు
పాఠం: తెలుగు. హాజరు: రెండు.

ఇరవై ఏడు పలకలు. ఊళ్లో రెండు చావులు. ఒకడు నిచ్చెన మీద, ఒక పిల్ల ట్రాక్టరు ముందు. ట్రాక్టరు దానంతట అది నడిచేది, దానికీ పలికేవాడు లేక ఆగలేదు.

ఇంకో సంగతి జరిగింది. ఆగిపోయిన కవలల దగ్గర మాబున్ని కూర్చుంది. పిలిచింది, చెవిలో అరిచింది, గిల్లింది. ఏమీ లేదు. చివరికి రాజీ వెనక కూర్చుని, చేతి మీద చెయ్యి వేసి, పలక మీద అ దిద్దబెట్టింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు, ఆరు పలకల సేపు పట్టింది. అప్పుడు రాజీ చెయ్యి తనే తిరిగింది. చెయ్యి పట్టుకుని లేపితే లేచింది, నడిపిస్తే నడిచింది. నీళ్ల గ్లాసు చేతికిచ్చి, చెయ్యి పట్టుకుని నోటికి ఎత్తిస్తే తాగింది.

"మాటతో కాదు మా, చేత్తోనే వస్తారు" అంది మాబున్ని.

ఎనభై ఒకటో రోజు
పాఠం: లెక్కలు. హాజరు: రెండు.

నా విశేషాలన్నీ ముందేసుకుని మాబున్ని పలక మీద అంకెలు వేసింది. ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవై ఏడు. ప్రతిదీ ముందుదానికి మూడింతలు. ప్రతిసారీ ఇరవై రోజుల ఎడం. తర్వాతది నూరో రోజున, ఎనభై ఒక్క పలకలు. అంటే నా ఒక రోజు పని, ఎండ ఎక్కింది మొదలు పొద్దు వాలే దాకా. అది దాని పరీక్ష రోజు. ఆ రోజే ఊరి పిల్లలందరికీ పంతుల్ని ఎముకలోకి మార్చడానికి కేంద్రం ముందు నిలబెడతారని చాటింపు వేశారు. ఎండాకాలం. నల్లరాతి బండలు పరిచిన వాకిలి, ఎక్కడా నీడ లేదు.

ఆ తర్వాతది పగలూ రాత్రీ కలిపి ఒక దినం. తర్వాత మూడు దినాలు, తొమ్మిది దినాలు. నూట ఎనభయ్యో రోజున ఇరవై ఏడు దినాలు. కానీ ఇరవై దినాలకే ఇంకోటి మొదలవుతుంది.

"అంటే?" అన్నాను.

"అంటే అక్కడ్నించి పంతులు మళ్లీ పలకడు."

అప్పుడు నేనే అడిగాను, ఒకటికి ముందు ఎంత అని. మాబున్ని గబుక్కున చేత్తో తుడిచేసింది. చెప్పవే అన్నాను.

"మూడో వంతు పలక, మా."

దాన్ని బయటికి పంపి ఒక పలక తీసుకున్నాను. మూడో వంతు దగ్గర సుద్దతో గీత గీసి రుద్దాను. నలభై రెండు రుద్దుళ్లు. అంతే. కాశిం ఆగిపోయింది ఎంతోసేపు అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ రోజు గుంట దగ్గర నా కాళ్ల పక్కనే రాళ్లు కట్టే తాడు చుట్ట ఉంది. షెడ్డు దాకా పోకుండా దాన్ని విసిరి ఉంటే. పట్టుకోవడం తెలియకపోయినా చేతికి తగిలి ఉండేది. చేత్తోనే వస్తారు కదా. నలభై రెండు రుద్దుళ్లు అయ్యాక వాడి చెవిలో మళ్లీ పలికే ఉంటాడు. నీళ్ల కింద. చెయ్యి ఇలా వెయ్యి, ఊపిరి ఇప్పుడు పీల్చు అని.

ఇక రాయలేను.

ఎనభై తొమ్మిదో రోజు
పాఠం: హిందీ. హాజరు: ఒకటి, సారు ఎదుటే వేశాను.

దైవసహాయం సారు మళ్లీ వచ్చాడు. నూరో రోజు వద్దని, ఇంకో రోజు పెట్టమని బతిమాలాను. పలక మీద అంకెలు చూపించాను. కళ్లు పలక మీదే ఉన్నాయి, ముఖంలో ఏమీ లేదు. "తేదీ మారదు. మీ అమ్మాయి బాగా సిద్ధమవుతోందమ్మా" అన్నాడు. మాబున్ని ఆయన చెయ్యి పట్టుకుని ఒక అంకె దిద్దబెట్టబోయింది. కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. అయితే గుమ్మం దాటేముందు ఒక్క క్షణం ఆ వేలి వైపు చూసుకున్నాడు.

తొంభై రెండో రోజు
పాఠం: సాంఘిక శాస్త్రం. హాజరు: రెండు.

పరీక్షలో పటం గీయమంటారు. మాబున్ని మన దేశం గీశాక మన ఊరు గీసింది. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని లెక్కపెట్టింది. నలభై ఒక్కరు. కేంద్రం వాకిలి నుంచి షెడ్డు దాకా, గుంట అంచున పోకుండా, పిల్లల్ని నీడకు చేర్చే దారి గీసింది. ఎర్ర సుద్దతో గుంట చుట్టూ నాలుగు సార్లు గీసింది, సుద్ద విరిగేదాకా.

తొంభై ఎనిమిదో రోజు
పాఠం: అన్నీ. హాజరు: రెండు.

తిరపతమ్మ వచ్చింది. రోజా చేతికి ఇంకా గుడ్డ కట్టే ఉంది. మాబున్ని ఎర్ర సుద్ద పటం ఆమె ముందు పెట్టింది. చదవడం రాని తిరపతమ్మ తన ఇల్లు ఎక్కడో వేలితో వెతుక్కుని, దొరికాక, అక్కడే వేలు ఉంచి కూర్చుంది. తర్వాత లేచి, తాళ్లూ బిందెలూ ఎన్ని కావాలో చెప్పక్కా, నాలుగిళ్ల ఆడోళ్లను నేను తెస్తా అంది.

నూరో రోజు
పాఠం: ఆరూ. హాజరు: కింద వేస్తాను.

సూర్యుడు గుట్ట మీదికి వచ్చేసరికి వాకిట్లో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. దైవసహాయం సారు మాబున్ని పరీక్ష ప్రశ్నల కవరు చేతిలో పట్టుకుని, ఇక మొదలు అని నోరు తెరిచాడు. అలాగే ఉండిపోయాడు. మందుల డబ్బాలతో దానంతట అది వచ్చిన కేంద్రం బండి దీపాలు ఆరిపోయాయి.

మిగతా తల్లిదండ్రులు లోతు పాఠమేననుకుని పనులకు పోయారు. తిరపతమ్మతో కలిపి మేం ఏడుగురం. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని అరచేతిలో అ దిద్దబెట్టాం. కదిలినవాళ్లను నడిపించాం. కదలనివాళ్లను ఎత్తుకుని మోశాం. పెద్ద పిల్లల మణికట్లకు తాడు కట్టి, ముందొకరం వెనకొకరం నడిచాం. ముప్పై పలకలు రుద్దేంత సేపయ్యేసరికి బండలు కాళ్లను కాల్చేస్తున్నాయి. ఒక పిల్ల కాళ్లు బొబ్బలెక్కాయి. చిట్టచివరికి వాకిట్లో సారు ఒక్కడే మిగిలాడు. ఎండలో, తెరిచిన నోటితో. ఆయన్ను వదిలేద్దాం అంది తిరపతమ్మ. నాకూ ఆ బుద్ధి పుట్టలేదని చెప్పను. మాబున్ని పోయి చెయ్యి పట్టుకుంది. ఆ వేలు మొదటిసారికే తిరిగింది.

షెడ్డులో నీడ. అందరికీ పలకలిచ్చాం. చేతికి పని ఉంటే కళ్లలో కొంచెం ప్రాణం కనిపిస్తోంది. నీళ్లు తాగించాం.

మాబున్ని సారు చేతిలో కవరు విప్పి, ఒక మూలన కూర్చుని ఆరు కాగితాలూ రాసింది. రాసి నా ముందు పెట్టింది.

"చదివేవాళ్లు ఇంకెవరూ లేరు మా. నువ్వే దిద్దు."

అచ్చు పుస్తకాలు పక్కన పెట్టుకుని దిద్దాను. లెక్కల్లో ఒకటి తప్పు చేసింది. తప్పే పెట్టాను. ఇంగ్లీషులో నాకు తెలియనివి అక్షరం అక్షరం పుస్తకంతో పోల్చి చూశాను. ఆరింటిలోనూ పాసైంది.

తర్వాత చేసింది కూడా రాస్తాను. పాసు కాగితం మీద సారు సంతకం కావాలి. ముప్పయ్యో రోజు పేజీలో ఆయన సంతకం ఉంది. దాన్ని ఎదురుగా పెట్టి, వెనక కూర్చుని, ఆయన చేతి మీద నా చెయ్యి వేసి దిద్దబెట్టాను. మాబున్ని చూసింది. ఇది తప్పని నాకు తెలుసు. విశేషాల గడిలో రాస్తున్నాను, వాళ్లకు ఇది వినపడదు. ఎవరైనా కళ్లతో చదవగలిగినవాళ్లు చదివితే, అప్పుడు నన్ను అడగండి, జవాబు చెబుతాను.

గుమ్మం నీడను బట్టి ఇప్పటికి డెబ్బై ఆరు పలకల సేపు అయింది. ఇంకా ఐదు ఉన్నాయి. అవి అయ్యాక వీళ్లు లేచి, ఏమీ జరగలేదంటారు. ఎముకల పని ఇంకో రోజుకు పెడతారు. ఇరవై రోజులకు మళ్లీ. ఈసారి ఒక పగలూ ఒక రాత్రీ. పంతులు ఇక పలకని రోజుకు ఇంకా ఎనభై రోజులుంది. ఎనభై రోజుల్లో అ నుంచి ఎంతదాకా చెప్పగలమో మాబున్ని పలక మీద లెక్కలు వేస్తోంది.

ఊరి పిల్లలు నలభై ఒక్కరు. సారు ఒకరు. మాబున్ని ఒకరు. తలుపు దగ్గర, ఎవరూ కూర్చోని చోట, ఒక పలక పెట్టి ఉంది.

హాజరు: నలభై నాలుగు. దీన్ని సరిచేసే సారు మూలన కూర్చుని అ దిద్దుతున్నాడు.